బందరు పాసుబుక్కు, లండన్ బంగారం

నిరుడు సెప్టెంబరులో మా తమ్ముడి కొడుకు ఎమ్మెస్సీ చదవడానికి లెస్టర్ వచ్చాడు. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి తీసుకొస్తుంటే దారిలోనే అడిగాడు. "పెదనాన్నా, ఇక్కడ ఏ బ్యాంకులో అక్కౌంటు తెరవమంటారు?"

ఈ దేశంలో నలభై ఏడేళ్ళ నుంచి ఉంటున్నవాణ్ణి. ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్ళు దొరకడమే అపురూపం. గొంతు సవరించుకుని 1923 దగ్గర మొదలుపెట్టాను. మోటార్‌వే మీద ఇంకా సగం దారి ఉండగానే వాడు ఫోన్లోంచి తల ఎత్తి, "అయిపోయింది పెదనాన్నా, ఓపెన్ చేసేశాను. కార్డు మీ ఇంటికే వస్తుంది," అన్నాడు. నేనింకా 1978కి కూడా రాలేదు.

వాడికి చెప్పలేకపోయిన మిగతా కథ ఇది.

మాది బందరు. పాస్‌పోర్టులో మచిలీపట్నం అని ఉంటుంది. నాన్నగారు అక్కడ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనకి ఆంధ్రా బ్యాంకులో ఒక సేవింగ్స్ ఖాతా ఉండేది. ఆరు నెలలకోసారి పాసుబుక్కులో వడ్డీ పడగానే ఇంటికి తెచ్చి, అరుగు మీద కూర్చుని, పెన్సిలుతో తనూ లెక్క కట్టేవారు. రెండూ సరిపోతే పక్కన చిన్న టిక్కు పెట్టేవారు. నాకు తెలిసినంతలో ఏనాడూ తేడా రాలేదు. అయినా కట్టడం మానలేదు. "నమ్మకం వేరు, లెక్క వేరు," అనేవారు.

పరాయి దేశంలో డబ్బు ఎవరి చేతిలో పెట్టాలి అన్న ప్రశ్న మనకే కొత్తగా వచ్చింది కాదు. ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1611లో గ్లోబ్ అనే ఓడలో మా ఊరి రేవుకే వచ్చారు. అప్పుడు వాళ్ళే ప్రవాసులు. భాష రాదు, ఊళ్ళో ఎవరూ తెలీదు, నాణేలు వేరు. షరాబుల దగ్గరా, షావుకార్ల దగ్గరా పడిగాపులు కాయక తప్పి ఉండదు. లెస్టర్ హైస్ట్రీట్ మీద బ్యాంకు గుమ్మాలెక్కి దిగుతున్నప్పుడు ఈ విషయం గుర్తు చేసుకుని కొంచెం సంతోషపడేవాణ్ణి.

తర్వాత మూడువందల ఏళ్ళకి కథ తిరగబడింది. దొరల కంపెనీ అంటే రాయి లాంటిదని మనవాళ్ళు నమ్మే రోజులొచ్చాయి. మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ అలాంటిదే. జమీందార్లు, పెన్షనర్లు, భర్త పోయిన ఆడవాళ్ళు, చిన్న ఉద్యోగులు అందులో డబ్బు దాచుకున్నారు. 1906 అక్టోబరు 22న అది దివాలా తీసింది. దానికి రెండు రోజుల ముందు లండన్లో దాని జోడు కంపెనీ నడిపే మాక్‌ఫాడియన్ రైలు కింద పడి చచ్చిపోయాడు. జనం డబ్బు లండన్ జూదంలో పోయింది. సర్ జార్జి అర్బత్‌నాట్‌కి పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. 'సర్' బిరుదున్న దొర జైలుకెళ్ళడం మద్రాసుకి పెద్ద వింతే. ఆ దెబ్బతోనే మరుసటి ఏడు ఇండియన్ బ్యాంకు పుట్టింది. మన డబ్బు మన దగ్గరే ఉండాలన్న మాట అప్పటినుంచి దక్షిణాదిన బలంగా వినపడటం మొదలైంది.

ఆ మాటే బందరు దాకా వచ్చి, 1923 నవంబరు 28న ఆంధ్రా బ్యాంకై తలుపులు తెరిచింది. పెట్టినాయన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఆయన వైద్యుడు. మా ఊళ్ళో ప్రాక్టీసు చేశాడు. అంటే డాక్టరుగారు బ్యాంకు పెట్టారు. అదే ఊరినుంచి వైద్యం చదివి వచ్చిన నేను బ్యాంకుల గురించి వ్యాసం రాస్తున్నాను. ఎవరి పని వాళ్ళు చెయ్యకపోవడం మా ఊరి లక్షణమేమో. ఆ బ్యాంకు 1980లో జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారిన రోజున బందరునుంచి ఎవరో ఫోటో పంపితే, ఇంట్లో పెద్దాయన పోయినట్టనిపించింది. మా తమ్ముడు మాత్రం "యాప్ మారిందన్నయ్యా, అంతే," అన్నాడు.

ఇక 1978.

మాకు ముందు అరవైల్లో వచ్చిన డాక్టర్లు జేబులో మూడు పౌండ్లతో దిగామని చెప్పుకునేవారు. మా నాటికి కాస్త నయం గాని, మొదటి జీతం వచ్చేదాకా బతుకు అప్పు మీదే. జీతం చెక్కు రూపంలో వచ్చింది. చెక్కు వెయ్యాలంటే అక్కౌంటుండాలి. అక్కౌంటు తెరవడానికి వెళ్ళిన మొదటి బ్యాంకులో, మా దగ్గర ఖాతా ఉన్న ఇద్దరు పెద్దమనుషులతో ఉత్తరం తెమ్మన్నారు. ఆ ఊళ్ళో నాకు తెలిసిన పెద్దమనుషులందరూ అప్పుడు నా వార్డులో పడుకుని ఉన్నారు. రెండో బ్యాంకు మేనేజరు హాస్పిటలు ఉత్తరం చాలన్నాడు. అలా ఆ బ్యాంకు నాదయింది, ముప్ఫై ఏళ్ళున్నాను. బ్యాంకుని ఎంచుకోవడం అని గొప్పగా అంటాం గాని, ఆ రోజుల్లో బ్యాంకే మనల్ని ఎంచుకునేది.

అసలు చిక్కు రెండో బ్యాంకుతో వస్తుంది. ప్రవాసికి ఎప్పుడూ రెండు బ్యాంకులుండాలి. ఒకటి జీతం పడే చోట, ఒకటి అమ్మానాన్నలున్న చోట. ఈ రెంటి మధ్య డబ్బు ఎలా నడవాలి? డ్రాఫ్టు తీసి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే బందరు చేరడానికి రెండు వారాలు, సొమ్ము చేతికి రావడానికి మరి కొన్నాళ్ళు. ఇంకో దారీ ఉండేది. ఇక్కడ ఒక కొట్టాయన చేతిలో పౌండ్లు పెట్టి ఫోను చేయిస్తే, మర్నాటికి అక్కడ ఇంటి గుమ్మంలో ఎవరో రూపాయలు లెక్కపెట్టి ఇచ్చేవాడు. హుండీ. బ్యాంకు కంటే రేటు ఎక్కువ, రసీదు ఉండదు. నేను ఆ దారిలో వెళ్ళలేదు. అందులో నీతి కంటే పిరికితనం పాలు ఎక్కువ. నాన్నగారికి తెలిస్తే పెన్సిలు తీసి ఏ పుస్తకంలో టిక్కు పెట్టాలని అడుగుతారని భయం.

చట్టప్రకారం మనకున్న దారులు రెండు. 1970లో ప్రభుత్వం ప్రవాసుల కోసం రూపాయల ఖాతా ఒకటి పెట్టింది, దాన్నే ఎన్నారీ ఖాతా అనేవాళ్ళం. పౌండ్లు పంపిస్తే రూపాయలై కూర్చుంటాయి, కావాలంటే మళ్ళీ బయటికి తీసుకోవచ్చు. వడ్డీ మీద ఇండియాలో పన్ను లేదు. కానీ రూపాయి పడిపోతే ఆ నష్టం మనదే. 1975 నవంబరులో ఇంకోటి వచ్చింది. ఎఫ్‌సీఎన్నార్ అనే డిపాజిట్. పౌండ్లు వేస్తే పౌండ్లే, డాలర్లు వేస్తే డాలర్లే. గడువు తీరాక వేసిన కరెన్సీలోనే వడ్డీతో ఇస్తారు. మధ్యలో రూపాయి ఎంత పడినా ఆ బరువు మనది కాదు, బ్యాంకుదీ కాదు, రిజర్వు బ్యాంకుది. ఆ బరువు ఎంతయిందో 1994లో ఆ పథకం మూసేశాక తేలింది, వేల కోట్లు. మనలాంటివాళ్ళు నిశ్చింతగా నిద్రపోవడానికి ఆ ఖర్చు దేశం పెట్టుకుందన్నమాట. అప్పట్లో ఎవరూ ఇలా చెప్పలేదు. మేమూ అడగలేదు.

నేను రెండూ తెరిచాను. బందరు బ్రాంచిలో ఎన్నారీ ఖాతా నాన్నగారి ఇంటి ఖర్చులకీ, చెల్లెలి పెళ్ళికీ. 1985లో, కాస్త నిలదొక్కుకున్నాక, పౌండ్లలో ఒక ఎఫ్‌సీఎన్నార్. బ్రాంచి మేనేజరు నాన్నగారి శిష్యుడే. ఊళ్ళో మొదటి విదేశీ డిపాజిట్ తన చేతిమీదుగా వచ్చిందని కాఫీకి పిలిచాడట. నాన్నగారు ఎంత మురిసిపోయారంటే, వెళ్ళి కాఫీ తాగి, ఆ సంగతి నాకు పెద్ద ఎయిరోగ్రాం రాశారు. వడ్డీ ఎంతో మాత్రం రాయడం మర్చిపోయారు.

1990 ఆగస్టు 2న సద్దాం సేనలు కువైట్‌లో దిగాయి. కడప, గోదావరి జిల్లాలనుంచి వెళ్ళిన మనవాళ్ళు వేలమంది అక్కడున్నారు. వాళ్ళు కూడబెట్టుకున్న దినార్లు ఒక్క వారంలో, మార్చుకునే చోటు దొరకని కాగితాలయ్యాయి. ఎడారి దాటి అమ్మాన్ చేరి, అక్కడినుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో బొంబాయిలో దిగారు. వాళ్ళు పంపే డబ్బు ఆగిపోయింది. చమురు ధర పెరిగింది. అక్టోబరులో అమెరికా రేటింగు సంస్థలు ఇండియా పరపతి తగ్గించాయి. ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయింది, ఇంకోటి వచ్చింది, మార్చిలో అదీ పోయింది. ఆ అక్టోబరునుంచే ప్రవాసుల డిపాజిట్లు వెనక్కి వెళ్ళడం మొదలైంది.

లెస్టర్లో మా డాక్టర్ల మధ్య వేరే మాటే లేదు. ఆదివారం ఎవరింట్లో భోజనాలైనా, చారు దగ్గరికి వచ్చేసరికి ఇదే. ఒకాయన డిపాజిట్ తీసేశానన్నాడు. ఇంకొకాయన అందరికంటే ముందే తీసేశానని చెప్పాడు. "ఇండియా బాకీ ఎగ్గొడితే మన పౌండ్లు ఎవరిస్తారు?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలీదు. నాకు ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు, పైగా ఆ అప్పు మీద వడ్డీ పధ్నాలుగు, పదిహేను శాతం నడుస్తున్న రోజులు. 1991 మార్చిలో గడువు తీరకుండానే ఎఫ్‌సీఎన్నార్ రద్దు చెయ్యమని బ్యాంకుకి ఉత్తరం రాశాను. నాన్నగారికి విడిగా రాయలేదు. ఏం రాయాలో తోచలేదు.

డబ్బు ఏప్రిల్‌లో వచ్చింది, ఒక్క పెన్నీ తగ్గకుండా. గడువుకి ముందు తీసినందుకు వడ్డీలో కోత, అంతే. ఆ వడ్డీని ఈ దేశంలోకి తెచ్చుకున్నాను కాబట్టి ఇక్కడ పన్ను కట్టాల్సి వచ్చింది. మనలాంటివాళ్ళకి బయట సంపాదించింది బయటే ఉంచితే పన్ను లేని సదుపాయం అప్పట్లో ఉండేది, 2025 ఏప్రిల్‌లో రద్దయింది.

మే నెలలో స్టేట్ బ్యాంకు ద్వారా ఇరవై టన్నుల బంగారం స్విట్జర్లాండ్ వెళ్ళింది. స్మగ్లర్ల దగ్గర ప్రభుత్వం పట్టుకున్న బంగారం అది. మళ్ళీ కొనుక్కునే షరతు మీద ఇచ్చి ఇరవై కోట్ల డాలర్లు తెచ్చారు. అది చాల్లేదు. చేతిలో ఉన్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకి సరిపోయేంతే. జూన్ 21న మన పి.వి. నరసింహారావుగారు ప్రధాని అయ్యారు. ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్. ఆ శాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారం చూస్తున్న జాయింట్ సెక్రటరీ మన కడప జిల్లా వై.వి. రెడ్డిగారు, తర్వాత రోజుల్లో రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు.

ఆ తర్వాత వచ్చిన జూలై మొదటి వారం నాకు రోజువారీగా గుర్తుంది. కొంత అప్పుడు తెలిసింది, కొంత తర్వాత చదివి కలుపుకున్నది.

సోమవారం, 1వ తేదీ, రూపాయి విలువ తగ్గించారు. బుధవారం, 3న, మళ్ళీ తగ్గించారు. అప్పట్లో రిజర్వు బ్యాంకు రూపాయి రేటుని పౌండుతోనే ప్రకటించేది. ముప్ఫై నాలుగు రూపాయల చిల్లర ఉన్న పౌండు మూడు రోజుల్లో నలభై ఒకటిన్నర దాటింది. బందరు ఎన్నారీ ఖాతాలో నా రూపాయలు ఆ మేరకు కరిగాయి. అప్పుడుగాని నా తెలివి నాకు అర్థం కాలేదు. రూపాయి పడితే దెబ్బ తినే ఖాతాని ముట్టుకోలేదు. ఎంత పడినా దెబ్బ తగలని ఖాతాని పరుగెత్తి రద్దు చేసుకున్నాను. లెక్కల మాస్టారి కొడుకుని.

గురువారం, 4న, రిజర్వు బ్యాంకు బంగారం ఓడలకీ రైళ్ళకీ కాదు, విమానాలకి ఎక్కడం మొదలైంది. 18వ తేదీ లోపల నాలుగు విడతలుగా నలభై ఏడు టన్నులకి ఓ పిసరు తక్కువ వెళ్ళింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ కలిసి దాని మీద నలభై కోట్ల యాభై లక్షల డాలర్లు ఇచ్చాయి. కాగితం మీద తాకట్టు చాలదు, బంగారం దేశం దాటి రావాలన్నది షరతు. ఎవరికీ చెప్పకుండా చేశారు. ఎనిమిదో తేదీ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ బయటపెట్టింది. మనవాళ్ళకి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అప్పు ఆ ఏడాది తిరక్కముందే తీరిపోయింది. బంగారం మాత్రం లండన్లోనే ఉండిపోయింది. 2024లో రిజర్వు బ్యాంకు ఇక్కడినుంచి వంద టన్నులు వెనక్కి తీసుకెళ్ళిందని చదివి, అందులో ఆనాటి కడ్డీ ఒక్కటైనా ఉండి ఉంటుందా అని పిచ్చి ఆలోచన వచ్చింది.

శుక్రవారం, 5న, మధ్యాహ్నం ఒంటిగంటకి, ముందురోజే ఇండియా బంగారం బయలుదేరిన ఆ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఇంకో పని చేసింది. బీసీసీఐ అనే బ్యాంకుని మూయించింది.

క్రికెట్ బోర్డు కాదు. బ్యాంక్ ఆఫ్ క్రెడిట్ అండ్ కామర్స్ ఇంటర్నేషనల్. ఈనాటి పిల్లలకి తెలీదు గాని, ఎనభైల్లో ఇక్కడి ఆసియా జనానికి అది సొంత బ్యాంకు లాంటిది. లక్నోలో చదువుకుని పాకిస్తాన్‌లో బ్యాంకరైన ఆఘా హసన్ అబేదీ 1972లో పెట్టాడు. వెనకాల అబుదాబీ చమురు డబ్బు. డెబ్బైకి పైగా దేశాల్లో శాఖలు. ఉత్తరం తెమ్మని అడిగే తెల్లదొరల బ్యాంకుల మధ్య, మన ముఖం చూసి నవ్వి, మన భాషలో మాట్లాడి, చిన్న కొట్టుకి కూడా అప్పిచ్చే బ్యాంకంటే ఎవరు వెళ్ళరు? వెళ్ళినవాళ్ళని తప్పు పట్టలేను.

తప్పు వేరే చోట ఉంది. ఆ బ్యాంకు పుట్టుక చట్టం దృష్టిలో లక్సెంబర్గ్‌లో, కేమన్ దీవుల్లో. పని నడిచేది లండన్లో. డబ్బు అబుదాబీది. మొత్తం లెక్క ఒక్కచోట పెట్టి చూసే బాధ్యత ఏ దేశానిదీ కాదు. ఎవరికి వాళ్ళు తమ ముక్క చూసి సరేననుకున్నారు. లోపల ఏళ్ళ తరబడి దొంగ లెక్కలు నడిచాయి. మూసిన రోజు డిపాజిట్ల బీమా ఎంతంటే, మొదటి ఇరవై వేల పౌండ్లలో నూటికి డెబ్బై అయిదు వంతులు. అంటే ఎవరికైనా పదిహేను వేలే. సరుకు కొనడానికి ఉంచుకున్న సొమ్ము, జీతాలకి ఉంచిన సొమ్ము, అంతా ఆగిపోయింది. స్కాట్లండ్ దగ్గర వెస్టర్న్ ఐల్స్ అనే దీవుల కౌన్సిల్ ఒక్కటే రెండు కోట్ల ముప్ఫై లక్షల పౌండ్లు ఇరికించుకుంది. కాబట్టి మోసపోయింది మనవాళ్ళే అనుకోనక్కర్లేదు. లిక్విడేటర్లు ఇరవై ఏళ్ళ పైన శ్రమపడి చాలా భాగం రాబట్టారు. కానీ 1991లో మూతపడ్డ కొట్టుకి 2003లో వచ్చే చెక్కు ఎందుకు? ఆ బ్యాంకు బొంబాయి శాఖని తర్వాత మన స్టేట్ బ్యాంకే తీసుకుంది.

ఆ శనివారం పేపర్లు ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒక పేజీలో మూసిన బ్యాంకు తలుపుల ముందు నిలబడ్డ మన ముఖాలు. ఇంకో పేజీలో, చిన్న అక్షరాల్లో, ఇండియా రూపాయి. ఎగ్గొడుతుందని మేం భయపడిన దేశం బంగారం తాకట్టు పెట్టి మరీ ఒక్క బాకీ తప్పకుండా కట్టింది. నా డిపాజిట్ కూడా ఆ కట్టిన బాకీల్లో ఒకటి. ఉంచుకుని ఉంటే దేశానికి నా పౌండ్లు ఏ మూలకీ చాలేవి కావని తెలుసు. తీసింది పెద్ద మొత్తాలవాళ్ళే ఎక్కువని తర్వాత ఆర్థికవేత్తలు రాశారు కూడా. అయినా తీసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నాన్నగారి ఎయిరోగ్రాం ఆ నెలాఖర్న వచ్చింది. ఊరి సంగతులు, వానలు, మామిడిపళ్ళ ధర, అమ్మ మోకాళ్ళు. మడత దగ్గర, చోటు లేక సన్నగా రాసిన నాలుగు వాక్యాలు: "నీ డబ్బు నీ ఇష్టం. మేనేజరు మొన్న ఇంటికి వచ్చాడు. 'మాస్టారూ, మీ అబ్బాయికి మన మీద నమ్మకం పోయిందాండీ' అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు."

ఆ తర్వాత ఈ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆయన 1996లో పోయారు. పాసుబుక్కు నేను తెచ్చుకున్నాను. చివరి పేజీ దాకా టిక్కులున్నాయి.

దేశం మా మీద అలగలేదు. 1991 అక్టోబరులోనే మళ్ళీ ప్రవాసుల ముందుకొచ్చి ఇండియా డెవలప్‌మెంట్ బాండ్లు అమ్మింది, నూట అరవై కోట్ల డాలర్లు వచ్చాయి. పోఖ్రాన్ పరీక్షల తర్వాత 1998లో రిసర్జెంట్ ఇండియా బాండ్లు, నాలుగు వందల ఇరవై కోట్లు. 2000లో మిలీనియం డిపాజిట్లు, అయిదు వందల యాభై కోట్లు. వడ్డీ బాగా ఇచ్చారు కాబట్టి దేశభక్తి ఎంత, వడ్డీ భక్తి ఎంత అని విడదీయడం కష్టం. నేను దేన్లోనూ వెయ్యలేదు. పిల్లల చదువులని ఒకసారి, ఇంటి అప్పని ఒకసారి కారణాలు చెప్పుకున్నాను.

ఇంతలో బ్రిటిష్ బ్యాంకుల మీద గౌరవమూ తగ్గింది. 2007 సెప్టెంబరులో నార్తర్న్ రాక్ ముందు క్యూలు టీవీలో చూశాం. మడత కుర్చీలు, థర్మోసుల్లో టీ తెచ్చుకుని మరీ నిలబడ్డారు తెల్లవాళ్ళు. దగ్గర దగ్గర నూట నలభై ఏళ్ళుగా ఈ దేశం అలాంటి దృశ్యం చూడలేదన్నారు. మరుసటి ఏడు ఐస్‌లాండ్ బ్యాంకు ఐస్‌సేవ్ కూలింది. ఎక్కువ వడ్డీ ఇస్తుందని మూడు లక్షల మంది ఇక్కడినుంచి వేశారు. అది ఐస్‌లాండ్ బ్యాంకుకి ఇక్కడున్న శాఖే గాని ఇక్కడ పుట్టిన బ్యాంకు కాదు. ఐస్‌లాండ్ చేతులెత్తేసింది. బ్రిటిష్ ప్రభుత్వం పూనుకుని ఇవ్వబట్టి సరిపోయింది. అప్పట్నుంచి ఎవరైనా అడిగితే వడ్డీ ఎంతని చూడకండి, అది ఏ దేశంలో పుట్టిన బ్యాంకు, పోతే బీమా ఎవరిది అని చూడండి అని చెబుతున్నాను. మన స్టేట్ బ్యాంకు వ్యవహారమే తీసుకోండి. పూర్వపు ఇంపీరియల్ బ్యాంకు రోజుల్లో, 1921లోనే లండన్ వచ్చింది. అయినా సామాన్య ఖాతాదార్ల కోసం ఇక్కడి చట్టం కింద వేరే కంపెనీ అయింది 2018లో. ఇక్కడి బీమా 2025 డిసెంబరునుంచి మనిషికి లక్షా ఇరవై వేల పౌండ్లు. ఇండియాలో 2020నుంచి అయిదు లక్షల రూపాయలు. మా వాడు ఫోన్లో తెరిచిన అక్కౌంటుకి ఈ బీమా ఉందో లేదో ఇంటికెళ్ళగానే నేనే చూశాను. ఉంది. వాడికి చెబితే, "ఉంటుందిగా పెదనాన్నా," అన్నాడు.

2013 ఆగస్టు చివర రూపాయి మళ్ళీ జారింది. డాలరు అరవై ఎనిమిది దాటింది. సెప్టెంబరులో గవర్నరుగా వచ్చిన రఘురాం రాజన్ ఎఫ్‌సీఎన్నార్‌కి ఒక కిటికీ తెరిచాడు. కనీసం మూడేళ్ళకి వేస్తే, బ్యాంకులకి ఆ డాలర్లని రిజర్వు బ్యాంకు చవగ్గా రూపాయల్లోకి మార్చి ఇస్తుంది. నవంబరు ఆఖరుకి రెండువేల ఆరువందల కోట్ల డాలర్లు వచ్చిపడ్డాయి. అందులో చాలావరకు బ్యాంకుల దగ్గర అప్పు తీసుకుని వేసినవే. ఇక్కడ తక్కువకి తెచ్చి అక్కడ ఎక్కువకి వెయ్యడం. అదీ వ్యాపారమే, కాదనను.

నేను అంతకు ముందు ఏడే రిటైరయ్యాను. చేతిలో పెన్షను తాలూకు సొమ్ము కొంత ఉంది. అక్టోబరులో అమ్మని చూడ్డానికి బందరు వెళ్ళినప్పుడు బ్రాంచికి వెళ్ళాను. మేనేజరు, నాన్నగారి శిష్యుడు, ఎప్పుడో రిటైరై హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నాడు. కౌంటర్లో ఒకమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవు, కంప్యూటర్లో నా పాత ఎన్నారీ ఖాతా తీసింది. అటూ ఇటూ చూసి అడిగింది.

"మీకు ముందు మా దగ్గర ఎఫ్‌సీఎన్నార్ ఏమైనా ఉండేదాండీ?"

"ఉండేదమ్మా. 91లో తీసేశాను."

"అయ్యో, ఎందుకండీ?"

వెనకాల క్యూలో నలుగురున్నారు. "చెప్పాలంటే చాలాసేపు పడుతుంది," అన్నాను. "ముందు ఫారం ఇవ్వండి."

ఆ అమ్మాయి ఫారంతో పాటు పెన్ను కూడా ఇచ్చింది. అక్కడే బల్ల దగ్గర కూర్చుని నింపాను. మూడేళ్ళకి వడ్డీ ఎంతవుతుందో ఫారం వెనక పెన్నుతో లెక్క కట్టుకున్నాను. రసీదు వచ్చాక సరిచూశాను. సరిపోయింది.